ఆ పేజీలో నాలుగే మాటలు

అట్ట తెరవగానే లవంగాల వాసన వచ్చింది. మస్తాన్‌బీ టీచర్ నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. పోయిన నెల ఆమె చనిపోయాక, "మీరు కొనిచ్చిందే కదా, మీ దగ్గరుండనీండి" అని కోడలు ఈ-రీడర్‌ను నా చేతిలో పెట్టింది. నిన్న చార్జింగ్ పెట్టి తెరిస్తే తెరంతా నాలుగే మాటలు. ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది.

కోడుమూరు బడిలో ఆమె మాకు తెలుగు చెప్పేవారు. చివరి పీరియడ్‌లో కథల పుస్తకం నా చేతికిచ్చి చదవమనేవారు. పేజీ చివరికి రాగానే అరచెయ్యి అడ్డం పెట్టేవారు.

"ఆగు పాపా. అవతల ఏముంటాదో చెప్పి తిప్పు."

"నాకేం తెలుసు టీచర్?"

"తెలీదనే అడుగుతాండా. తప్పయితే ఏమైతాది? తిప్పితే తెలిసిపోతాది."

దొంగ అని ఒకరు, పాము అని ఒకరు, క్లాసంతా గోల గోల. నాకు పుస్తకాల పిచ్చి పట్టింది మార్కుల కోసం కాదు, ఆ అరచెయ్యి వల్లే.

రిటైరయ్యాక ఆమె కళ్ళు దెబ్బతిన్నాయి. అద్దాలు మార్చినా లాభం లేదని కర్నూలు డాక్టరు తేల్చేశాడు. నేను కడప నుంచి చూడ్డానికి వెళ్తే, పుస్తకాల బీరువాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. కోడలు చదివి వినిపిస్తానంటే వద్దన్నారట. ఎందుకని అడిగాను.

"వినేది వేరే, చదివేది వేరే పాపా. ఆ పిల్ల నన్ను అడక్కుండానే పేజీ తిప్పేస్తాది."

మళ్ళీ వెళ్ళినప్పుడు ఈ-రీడర్ కొని తీసుకెళ్ళాను.

అక్షరాలు పెంచాను. "కనపడలే" అన్నారు. ఇంకా పెంచాను. "అలికినట్టుండాది." ఇక పెరగనంత వరకూ పెంచాను. పేజీకి నాలుగైదు మాటలే మిగిలాయి. ఇలా నవల చదవడం అయ్యే పనేనా అని నాకు నీరసం వచ్చింది. టీచర్ మాత్రం మాటలు కూడబలుక్కుని చదివారు. ఆగారు. ఏదో గొణిగి, వేలితో పేజీ తిప్పి, పకపకా నవ్వారు.

"నేననుకున్నది కాదు! వాడు ఊరికి పోనేలేదంట."

"ఇట్లయితే ఎన్నిసార్లు తిప్పాలో టీచర్!"

"తిప్పినన్నిసార్లూ తమాషానే గదా. మామూలు పుస్తకంలో ఇన్ని యాడుంటాయి?"

ఒకసారి ఫోన్ చేశారు. "అక్షరాలన్నీ చీమలైపోయినాయి పాపా, యాడ నొక్కినానో ఏమో!" గొంతులో కంగారు. రెండు వేళ్ళు తెరకు ఆనించి ఎడంగా జరపమన్నాను. తర్వాత "వచ్చినాయి, వచ్చినాయి" అని చిన్నపిల్లలా కేక పెట్టారు.

నిన్న నాకు కనపడిన నాలుగు మాటలు ఇవి: "తలుపు తోసి చూస్తే లోపల". పేజీ అక్కడితో అయిపోయింది. లోపల ఏముందో తెలుసుకోవడం తేలికే, వేలు తగిలిస్తే చాలు. టీచర్ ఏముంటుందనుకున్నారో మాత్రం ఇక ఎవరినడగాలి? ఏడుపొచ్చింది. అక్షరాల సైజు తగ్గించలేదు. తెరకు అరచెయ్యి అడ్డం పెట్టి, "పిల్లి" అన్నాను పైకే. అప్పుడు తిప్పాను.

పిల్లి కాదు.