తిరుపతయ్య వంతులో వచ్చిన చలి

అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ల మధ్య ఒక కట్టుబాటుంది. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరూ పాటిస్తారు. ఆర్నెల్లు అమ్మాయి తరఫువాళ్లు, ఆర్నెల్లు అబ్బాయి తరఫువాళ్లు. వియ్యంకులిద్దరూ ఒకేసారి ఒకే ఇంట్లో దిగకూడదు. దిగితే ఏమవుతుందో తెలియాలంటే, 2007 చలికాలంలో మినియాపోలిస్ పక్కనున్న ఈడెన్ ప్రెయిరీలో తిరుపతయ్య మొహం చూసుండాల్సింది.

తిరుపతయ్య ఒంగోలు ఆర్టీసీ డిపోలో ముప్పై మూడేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్లు. కూతురు శ్రీవిద్య టికెట్టు పంపితే సెప్టెంబరులో వచ్చాడు. మార్చి దాకా ఆయన వంతు. అల్లుడు ఉమాకాంత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మైలేజీ మీద మోజుతో ఆ వేసవిలోనే ఆఫీసులో ఒకతని దగ్గర ఇరవై ఏళ్ల నాటి డీజిల్ కారు కొన్నాడు. శ్రీవిద్య దాన్ని డబ్బా అంది. తిరుపతయ్య మాత్రం బానెట్ ఎత్తి, ఆ టకటకలు విని, పరాయి ఊళ్లో చుట్టం దొరికినంత సంబరపడ్డాడు. వారం రోజులు గరాజ్‌లోనే ఉండి దానికి నిండా సర్వీసింగు చేశాడు. అయిదేళ్ల మనవరాలు అలేఖ్య పక్కన నిలబడి స్పానర్లు అందించింది. "బస్ తాతా" అని పేరు పెట్టింది. పొద్దున్నే ఉమాకాంత్ పిల్లని స్కూల్లో దింపడానికి వెళ్తుంటే, వెనక సీట్లో పిల్ల పక్కన కూర్చునేది బస్ తాతే. ఆయనకి అంతకంటే ఏం కావాలి?

డిసెంబరులో సూర్యప్రకాశరావు దిగాడు. ఉమాకాంత్ తండ్రి, రాజమండ్రి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసిన మనిషి. ఆయన భార్య కూతురి పురిటికని బెంగళూరులో ఉండిపోయింది. ఒంటరిగా ఉండటం ఎందుకని కొడుకు ఇటు రప్పించాడు. బాగానే ఉంది, కానీ ఎవరి వంతులో వచ్చినట్టు? తిరుపతయ్య వంతులో! ఆ మాట పైకి ఎలా అంటాడు? "రండి బావగారూ" అని నవ్వుతూ పెట్టె అందుకున్నాడు. లోపల మాత్రం ఆ పెట్టెని వచ్చిన విమానంలోనే తిరిగి ఎక్కించెయ్యాలన్నంత ఉంది.

ఆయన వచ్చిన మూడో రోజుకే అలేఖ్య అటు తిరిగిపోయింది. ఆయన ఇంగ్లీషు కథల పుస్తకాలు గొంతులు మార్చి మార్చి చదువుతాడు. లైబ్రరీలో తెల్లవాళ్లతో జోకులేస్తాడు. తిరుపతయ్య స్పానర్లు ఎంతసేపని తిప్పుతాడు? ఒకరోజు కారెక్కుతుంటే పిల్ల, "బస్ తాతా, నువ్వు ఫ్రంట్‌లో కూచో. ఇంగ్లీష్ తాత నాతో," అనేసింది. తిరుపతయ్య ముందు సీటుకి మారాడు. బెల్టు పెట్టుకోవడానికి ఆ రోజు రెండు నిమిషాలు పట్టింది.

ఆ తర్వాత అసలు చలి వచ్చింది. సున్నాకి కింద ఇరవై. కారులో హీటరు పెడితే చల్లగాలే కొడుతోంది. అద్దాలకి లోపలివైపు మంచు పేరుకుంటే ఉమాకాంత్ క్రెడిట్ కార్డుతో గీకి గీకి నడుపుతున్నాడు. పిల్ల పళ్లు టకటకలాడుతున్నాయి. సూర్యప్రకాశరావుకి మోకాళ్ల నొప్పులు, ఉన్ని గుడ్డలు చుట్టుకుని కూర్చుంటున్నాడు. పాత డీజిల్ కార్లు చలికి ఇంతే అని ఆఫీసులో అందరూ తేల్చేశారు.

శ్రీవిద్య తండ్రినే అడిగింది, ఏదైనా చెయ్యి నాన్నా అని. ఇంట్లో డీజిల్ గురించి తెలిసినవాడు ఆయనేగా! తిరుపతయ్య రేడియేటరు ముందు అట్టముక్క అడ్డం పెట్టాడు. ఆర్టీసీలో నేర్చింది కాదు, పక్కింటి ముసలాయన చెప్పాడు. కాస్త నయమనిపించింది, అంతే. ఉమాకాంత్ రాత్రంతా ఇంజనుకి గోడ ప్లగ్గు నుంచి కరెంటు హీటరు తగిలించి చూశాడు. బండి చిటికెలో స్టార్టయింది, మొదటి అయిదు నిమిషాలు గోరువెచ్చని గాలి వచ్చింది, రోడ్డెక్కగానే మళ్లీ మామూలే. ఇక డీజిల్‌నే కొద్దికొద్దిగా కాల్చి కారు లోపల వేడి పుట్టించే పరికరం ఒకటి బిగిస్తారని విన్నాడు. అది కారు ఖరీదులో సగం. అది బిగించడమా, కారే అమ్మెయ్యడమా అన్నదాకా వచ్చింది.

"తొందరపడకురా. ముందు చిన్నదేదైనా చూద్దాం," అన్నాడు సూర్యప్రకాశరావు. నాలుగు రోజుల్లో ఒక పార్సిల్ వచ్చింది. కారులో సిగరెట్టు వెలిగించుకునే ప్లగ్గుకి తగిలించే బుల్లి హీటరు. దాని వేడి దోసిట్లో పట్టుకుంటే దోసిలికే సరిపోతుంది. అయినా అలేఖ్య దానిముందు వేళ్లు పెట్టి "ఇంగ్లీష్ తాతా, యు ఆర్ ది బెస్ట్," అంది. శ్రీవిద్య కూడా మామగారిని మెచ్చుకుంది. సొంత కూతురు!

తిరుపతయ్యకి ఒళ్లు మండిపోయింది. ముప్పై మూడేళ్లు డీజిల్ మసి పీల్చింది తను, ఇంజను ఎటువైపుంటుందో తెలియని లెక్చరరు వచ్చి పేరు కొట్టేశాడు. ఇంట్లో తనకంటూ ఉన్నది ఆ పనితనం ఒక్కటే. అది కూడా పోతే ఇక ఏ మొహంతో మార్చి దాకా కూర్చోవాలి?

ఆ మంటలోనే మర్నాడు ముందు సీట్లో కూర్చుని, వెనక్కి చూడటం ఇష్టంలేక, ఎదురుగా ఉన్న మీటర్లకేసి చూస్తున్నాడు. ఇంజను వేడి చూపించే ముల్లు అడుగున పడుకుని ఉంది. ఇరవై నిమిషాలు నడిచిన బండిలో ముల్లు లేవదేం? డిపోలో ఆయన భయమంతా ముల్లు పైకి పోతుందనే. లేవకపోవడం అనేది ఆయన ఎరగడు. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి, కాళ్లలోంచి చలి నెత్తికెక్కింది.

సెప్టెంబరు సర్వీసింగులో థర్మోస్టాట్ తీసేసింది తనే. ఇంజను నీళ్లు వేడెక్కేదాకా వాటిని రేడియేటరుకి పోనివ్వకుండా ఆపే, నిమ్మకాయంత ఇత్తడి మూత అది. ఒంగోలు ఎండల్లో అది ఉంటే బండి మరిగిపోతుందని మెకానిక్కులు మొదట పీకేది దాన్నే. చెయ్యి అలవాటు కొద్దీ పీకేసింది. ఇక ఈ దేశపు చలిలో నీళ్లు ఎప్పటికి వేడెక్కాలి, లోపలికి వెచ్చగాలి ఎక్కడినుంచి రావాలి? పిల్ల పళ్లు టకటకలాడించింది, వియ్యంకుడి మోకాళ్లు పట్టేసింది తనే.

పారేసే అలవాటు లేని మనిషి కాబట్టి దాన్ని గరాజ్‌లో కాఫీ డబ్బాలో పెట్టాడు. శనివారం మధ్యాహ్నం అందరూ షాపింగుకి వెళ్తే, నిద్ర వస్తోందంటూ ఉండిపోయి డబ్బా తెరిచాడు. ఇత్తడి మూత ఉంది. పక్కనే కొత్త రబ్బరు రింగు కూడా ఉంది. పాతది తీసేటప్పుడే తెగింది. ఇది అల్లుడు ఎప్పుడో కొనిపడేసిన సామానులోదై ఉంటుందని, నా అదృష్టం అనుకున్నాడు. బకెట్టు పెట్టి నీళ్లు పట్టి, మూత బిగించి, నీళ్లు మళ్లీ పోసి, చేతులు కడుక్కుని పడుకున్నాడు.

సోమవారం కారు సగం దారిలో వేడెక్కింది. కాసేపటికి ఉక్కపోసింది. ఉమాకాంత్ కోటు జిప్పు తీశాడు. అలేఖ్య చేతి తొడుగులు పీకేసి, బుల్లి హీటరుని తడిమి, "ఇంగ్లీష్ తాతా, యువర్ హీటర్ ఈజ్ సో హాట్! థాంక్యూ!" అంది. ఉమాకాంత్ కూడా, "నాన్నా, మీ హీటరు లేటుగానైనా పని చేస్తోంది," అన్నాడు.

తిరుపతయ్య పళ్లు బిగపట్టాడు. నోరు మూసుకుంటే తప్పు బయటపడదు, మార్చి దాకా మర్యాదగా గడిచిపోతుంది. కానీ తను తెప్పించిన వేడికి ఇంకొకడికి దండలా? అద్దంలో పిల్ల వియ్యంకుడి భుజం మీద తల ఆనించడం కనబడింది. ఇక ఆగలేకపోయాడు.

"ఆ వేడి హీటరుది కాదమ్మా. నాది," అన్నాడు.

"అంటే?" అన్నాడు ఉమాకాంత్.

"మొన్న థర్మోస్టాట్ బిగించాను, బాబూ. సెప్టెంబరులో నేనే పీకేశాను. చలీ నాదే."

తిరుపతయ్య కిటికీ వైపు తిరిగాడు. పేరు కోసం నోరు తెరిచి, ఉన్న పేరు కూడా పోగొట్టుకున్నానని తెలుస్తూనే ఉంది. అప్పుడు వెనక సీట్లోంచి సూర్యప్రకాశరావు ముందుకి వంగాడు.

"ఆ రబ్బరు రింగు సైజు సరిపోయిందా, బావగారూ? కొట్టువాడు రెండు సైజులు చూపించాడు, నాకేమో తెలియదాయె."

తిరుపతయ్యకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఈయన డబ్బాలో ఆ మూతని ఎప్పుడో చూశాడు, అదేమిటో చదివి తెలుసుకున్నాడు, కొత్త రింగు కొని పక్కన పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. కొడుకుని పెద్ద ఖర్చు పెట్టనివ్వకుండా ఆ పనికిరాని హీటరు తెప్పించి ఆపాడు. నొప్పి మోకాళ్లతో చలిలో కూర్చుని, చేసినవాడే తనంతట తను సరిచేస్తాడని ఎదురుచూశాడు. ఆ చలికాలమంతా పడ్డ కుళ్లు ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు. ఛీ, మంచితనంలో కూడా ఈయనే ముందున్నాడు.

"సరిపోయిందండీ," అన్నాడు చివరికి. చెయ్యి చాచి, వెచ్చగాలి వెనక సీటుకి పోయేలా, ఆయన మోకాళ్లకి తగిలేలా మీట తిప్పాడు.