పాట షెడ్డులో ఈశ్వరి అరిచిన మాట

ఈశ్వరి గొంతు మామూలు గొంతు కాదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలంపాట జరిగే షెడ్డుకి ఆ చివర నిలబడి ధర పలికిందంటే, ఈ చివర ఐసు కొట్టేవాళ్లు కూడా చెయ్యాపి చూడాల్సిందే. పాటలో అరిచిన మాటదే రాజ్యం. మనసులో ఎంత అనుకున్నా లాభం లేదు, పై ధర ముందు ఎవరి నోట వస్తే సరుకు వాళ్లది. అరిచాక చేతులు కట్టుకుని నిలబడితే చాలు, రాసుకోడానికి గుమాస్తా ఉంటాడు. పెళ్లయిన మర్నాటి నుంచీ చేపల బుట్ట పట్టిన ఈశ్వరికి ఈ పద్ధతి ఒంట్లో ఇంకిపోయింది.

ఆమెకి ఇంకో పిచ్చి కూడా ఉంది. ఇంగ్లీషు అక్షరాల పిచ్చి. పదో తరగతి దాకా చదివిన చదువు బుట్టకింద నలిగిపోకుండా ఎలా మిగిలిందో గానీ, సబ్బు కాగితం కనపడినా సిమెంటు బస్తా కనపడినా, ఆ అక్షరాల్లో ఇంకేం మాటలు దాక్కున్నాయో వెతికేదాకా నిద్రపట్టేది కాదు. మొగుడు నాగబాబు, “దీనికి అచ్చరాలు పూనాయర్రా” అని అందరికీ చెప్పి నవ్వేవాడు.

2002 వేసవిలో వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ జెట్టీకి కట్టేశారు. పాట లేదు, షెడ్డంతా ఖాళీ. మగాళ్లు పేకాటకి కూర్చున్నారు. బోటు ఓనరు సత్యానికి పేకాటంటే ఒళ్లుమంట. ఇంగ్లీషు పేపరు కొనేది అందులో మాటలాట కోసమే అనే రకం ఆయన. ఓ పొద్దున్న సుద్దముక్క తెచ్చి షెడ్డు నేల మీద మూడు అక్షరాలు గీశాడు. “ఈ మూడూ ఉన్న ఇంగ్లీసు మాటలు సెప్పండ్రా. ముందూ ఎనకా ఎలాగున్నా పర్లేదు, మద్దిలో ఇంకేటి కలిసినా పర్లేదు” అన్నాడు.

మొదట్లో “ఇదేటి బావా, బడెట్టేవేటి?” అని వెక్కిరించినవాళ్లే, వారం తిరక్కుండా అక్షరాల కోసం కొట్టుకు చచ్చారు. షెడ్డు నేలంతా సుద్దరాతలే. టీ కొట్టువాడు సగం గ్లాసులు ఇక్కడే మర్చిపోయేవాడు. ఆ సందడి చూసి సత్యానికి హుషారెక్కింది. నిషేధం ఎత్తేసిన రోజు తన కొత్త బోటు డాల్ఫిన్స్ నోస్ కొండ చుట్టి యారాడ దాకా ట్రయల్ వెళ్తుందనీ, ఆటలో గెలిచినవాళ్లు ఆ బోటులో రావచ్చనీ ప్రకటించాడు. పాపం, ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్లని ఉద్దేశించి అన్నాడు. ముందుకొచ్చింది ఈశ్వరి.

ఆడవాళ్లు బోటెక్కకూడదని ఎవరూ చట్టం చెయ్యలేదు గానీ, వాళ్లలో ఎక్కినవాళ్లూ లేరు. ఈశ్వరి పుట్టింది యారాడలో. తండ్రీ అన్నదమ్ములూ ఆ ఊరిని రోజూ సముద్రం మీంచి చూసేవారు. ఆమె మాత్రం ఒడ్డున నిలబడి బోట్లని చూడటమే. నీళ్ల మీంచి తన ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి. ఈ కోరిక మొగుడికి కూడా చెప్పలేదు, నవ్వుతాడని.

అడ్డుపడింది మరిది కన్నబాబు. కొత్త బోటుకి డ్రైవరు అతనే. “వదినా, కొత్త బోటు. ఆడోళ్లెక్కితే వల కాళీగా వత్తాది. నీ మీద కోపం కాదు, నాకు బయం” అన్నాడు. ఇంటరు చదివినవాడు, చురుకైనవాడు. వదినని ఆపడానికే పట్టుబట్టి ఆడి, అందర్నీ ఓడించుకుంటూ చివరి ఆట దాకా వచ్చాడు. ఎదుట ఈశ్వరి.

ఆ సాయంత్రం షెడ్డు నిండిపోయింది. వీపులు ఆనించి ఇద్దర్నీ కూర్చోబెట్టారు, చెరో సుద్దముక్క, ముందు నేల మీద గీసిన చెరో గడి. సత్యం ఓ ఐసుముక్క నేల మీద పెట్టాడు. అది కరిగేదాకా టైము. ఎవరి గడిలో మాటలు ఎక్కువుంటే వాళ్లది గెలుపు. ఈసారి నాలుగక్షరాలు చెప్పాడు: ఎ, సి, ఎన్, ఆర్.

ఈశ్వరి కళ్లు మూసుకుంది. బుట్ట తిరగబోసి రొయ్యలు ఒక పక్క, కవ్వ చేపలు ఒక పక్క ఏరినట్టు, ఒక్కో అక్షరాన్నీ ముందుకు లాగి చూసింది. క్రేన్! పోర్టు క్రేన్లు ఎదురుగానే ఉన్నాయి కదా. డాన్సర్. బ్రాంచి. సెంట్రల్. సుద్ద పరిగెడుతోంది. వెనక కన్నబాబు సుద్ద కూడా ఆగడం లేదు. ఐసు చిక్కిపోయి, రూపాయి బిళ్లంత అయ్యింది. ఇంకొక్కటి, ఒక్కటుంటే చాలు! జెట్టీ వైపు చూసింది. ఓ బోటు ముక్కున వేలాడుతున్న లంగరు కంటపడింది.

“యాంకర్!” అని షెడ్డు దద్దరిల్లేలా అరిచింది.

అరిచి, చేతులు కట్టుకుని కూర్చుంది. సరుకు తనదైపోయినట్టే.

గుమాస్తా ఏడీ? తన సుద్ద తన ఒళ్లోనే ఉందని గుర్తొచ్చేసరికి ఐసు నీళ్లయిపోయింది. వెనక కన్నబాబు గడిలో మాత్రం ఆ మాట అప్పటికే పడిపోయింది. లెక్కపెట్టారు. ఒక్క మాట తేడాతో కన్నబాబు గెలిచాడు.

ఈశ్వరికి ఏడుపొచ్చింది. నోటికున్న అలవాటుకి చేతులారా పోగొట్టుకుంది! కానీ ఆమె నోరు విప్పకముందే చేపలమ్మే ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. అందర్లోకీ పెద్దది పాపాయమ్మ ముందుకొచ్చి, “అరిసింది ఈశ్వరి. అందరం ఇన్నాం. పాట ఈశ్వరిదే!” అంది.

“ఇది పాటేటి? ఆట కదా!” అన్నాడు కన్నబాబు.

సత్యం తల గోక్కున్నాడు. “ఆటే. కానీ ఆడింది ఈ సెడ్డులో. ఇక్కడ ఒకలు అరిసిన మాట మీద ఇంకొకలు సెయ్యెయ్యడం నానెప్పుడూ సూళ్లేదు. నువ్వే సెప్పు కన్నబాబూ, ఆ మాట నీకు తట్టిందా, వదిన నోట ఇన్నావా?”

తట్టిందని అనొచ్చు. ఎవరు కాదనగలరు? కన్నబాబు అరచేత్తో తన గడిలోని మాట తుడిచేసి, తన సుద్దతోనే వదిన గడిలో రాశాడు. షెడ్డు కేకలతో పగిలిపోయింది. నాగబాబు ఎగిరి గంతేశాడు.

నిషేధం ఎత్తేసిన రోజు పొద్దున్నే కొత్త బోటు పసుపుతో, పూలదండలతో జెట్టీకి ఆనుకుని ఉంది. కొత్త చీర కట్టుకుని వచ్చిన ఈశ్వరి బోటు చెక్క అంచు దగ్గర ఆగిపోయింది. వల ఖాళీగా వస్తే? ఊరంతా తననే అంటే? “పోనీలే మరిదీ, నానుండిపోతాను” అంది.

కన్నబాబు ఇంజిను దగ్గర్నుంచి లేచి వచ్చాడు. కొత్తకోడల్ని గడప దాటించేటప్పుడు ఇంట్లోవాళ్లు అనే మాటే అన్నాడు, చెయ్యి చాపి.

“కుడికాలు ముందెట్టి రా వదినా.”