చిల్లుకాణీలో పోయిన ముక్క

మా మేనత్త మెడలో శిలువ గొలుసుతో పాటు, నల్లదారానికి ఒక రాగిరంగు నాణెం వేలాడుతూ ఉండేది. దానికి మధ్యలో పెద్ద చిల్లు. జీవితమంతా నర్సుగా పనిచేసి, పెళ్ళి చేసుకోకుండానే రిటైరై, చందానగర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేసింది. ఆ నాణెం ఏమిటని చిన్నప్పుడు అడిగితే, "పాతకాలంది" అని మాట మార్చేసేది.

కిందటేడాది కళ్ళు తిరిగి రెండుసార్లు పడిపోయింది. డాక్టరు తలకు స్కాన్ తీయించమన్నారు. ఆఫీసుకు సెలవు పెట్టి మాదాపూర్‌లో స్కాన్ సెంటరుకి తీసుకెళ్ళాను.

"అమ్మమ్మా, గొలుసు, గిది రెండూ తీయాలె. లోపలికి మెటల్ ఏదీ పోవద్దు," అంది అక్కడి అమ్మాయి.

అత్త శిలువ తీసి నా చేతిలో పెట్టింది. నాణేన్ని మాత్రం గుప్పిట్లో బిగించింది.

"పరేషాన్ గాకు, మీ బిడ్డ దగ్గరనే ఉంటది గదా."

"అందుకేనమ్మా భయం," అంది అత్త. చివరికి దారం తీసి ఇస్తూ నాతో, "మెడలో వేసుకోకు. సంచీలో వేసి జిప్పు పెట్టెయ్," అంది. ఆమె అంత కటువుగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

స్కాన్ అయ్యాక, రిపోర్టు కోసం కింద క్యాంటీన్‌లో కూర్చున్నాం. చుట్టూ ఐడీ కార్డులు వేసుకున్న ఆఫీసు పిల్లలు టీ తాగుతూ ఫోన్లు చూపించి డబ్బు కట్టి వెళ్తున్నారు. "ఎందుకత్తా అంత భయం?" అని అడిగాను. ఈసారి చెప్పింది.

యుద్ధం రోజుల్లో వాళ్ళ నాన్న, అంటే మా తాత, మిలటరీ లారీ డ్రైవరుగా బర్మా వైపు వెళ్ళాడు. అత్తకు అప్పుడు ఏడేళ్ళు. మా నాన్న నెలల పిల్లాడు. ఆ సమయంలోనే వాళ్ళ ఊరి బజారులోకి చిల్లుకాణీలు వచ్చాయి. నిండు కాణీకి అలవాటుపడ్డ జనం వాటిని తిప్పి తిప్పి చూసేవారట.

"మధ్యలో ముక్క ఏమైందండీ అని కొట్టాయన్ని అడిగాను. యుద్ధానికి రాగి చాలట్లేదు పాపా, ఆ ముక్కలతో తూటాలు చేస్తారు అన్నాడు. ఎంత సంబరపడ్డానో! మా నాన్నకి తూటాలు అందుతున్నాయనుకున్నాను. అమ్మ నాకొక కాణీ ఇస్తే కొనుక్కోకుండా దాచుకున్నాను. దీన్లో ముక్క నాన్న దగ్గరుంది అని అందరికీ చూపించేదాన్ని."

కొన్నాళ్ళకు తాతతో కలిసి పనిచేసినతను వాళ్ళింటికొచ్చాడు. లారీ నడుపుతుండగా తూటా తగిలి పోయాడని నాయనమ్మతో చెప్పాడు. ఆ మాట తలుపు పక్క నుంచి అత్త విన్నది.

"ఎవరి తూటానో అతను చెప్పలేదు. నా కాణీలో ముక్కేనని నాకు నేనే చెప్పేసుకున్నాను," అంది అత్త.

"చిన్నపిల్లవి కదత్తా. అలా ఎలా అవుతుంది?"

"కాదని నాకు తెలీదా? ఇంత చదువుకున్నాను. కానీ ఒకసారి ఆపరేషన్ థియేటర్లో ఒకతని భుజంలోంచి తూటా తీసి ట్రేలో వేశారు. టక్కుమంది. నా కళ్ళు దాని మీదే ఉండిపోయాయి. ఈ చిల్లులో సరిగ్గా ఇమిడిపోతుందనిపించింది. ఆ రోజు డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చేశాను."

"మరి ఎక్కడైనా పారేయలేకపోయావా?"

"ఎవరికో ఒకరికి దొరుకుతుందిగా. మళ్ళీ బజారులోకి పోతుంది, ఇంకో ఇంటికి చేరుతుంది. నా దగ్గరుంటే ఇక్కడితో ఆగుతుంది."

నాణెం ఇంకా అందులోనే ఉన్న సంచీ నా ఒడిలో ఉంది. దాన్ని తీసి పక్క కుర్చీలో పెట్టాలనిపించింది. పెట్టలేదు.

రిపోర్టులో మెదడులో గడ్డ అని వచ్చింది. ఆ వయసులో ఆపరేషన్ వద్దన్నారు. అత్త కొన్ని నెలలే ఉంది. చివరి వారంలో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచి, దారం మెడలోంచి తనే తీసేసింది.

"దీన్ని శవపెట్టెలో నాతో పెట్టకు," అంది.

"నీదే కదత్తా."

"నేను నాన్న దగ్గరికి వెళ్తున్నానే. అది ఆయన కంట పడకూడదు."

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే, పట్టుకోవడానికి ఏమీ లేక అత్త వేళ్ళు మెడ మీద వెతుక్కుంటున్నట్టే అనిపించింది నాకు. అప్పటికే పెట్టె మూసేశారు.

మా ఆఫీసులో పాత నాణేలు సేకరించే కుర్రాడొకడున్నాడు. మాటల్లో తెలిసి, "ఒక్కసారి చూపించండి మేడమ్, కావాలంటే కొంటాను," అన్నాడు. పోయిందని చెప్పాను. అది నా బీరువాలో తెల్లగుడ్డలో చుట్టి ఉంది. ఆ తలుపు తీసేటప్పుడు చప్పుడు కాకుండా తీస్తాను. ఎందుకలా తీస్తానో ఇంట్లో ఎవరూ అడగలేదు.