ఈల పోయిన పెట్టె

మొన్న మా కోడలు నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పిలిస్తే పలకడం లేదని ఆమె ఫిర్యాదు, నాకేమో సగం మాటలు వినబడకపోవడమే హాయిగా ఉంది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. నేను మాత్రం రెండు శబ్దాల మధ్య ఉండే నిశ్శబ్దాన్నే చెవులు రిక్కించి విన్నాను, ఎందుకంటే ఆ నిశ్శబ్దం కోసమే ఒకప్పుడు ఇబ్రహీంపట్నంలో మా షెడ్డు మునుగుతుందో తేలుతుందో తెలియకుండా కొన్నాళ్ళు గడిపాం.

హైదరాబాదు మా వైపు పరుగెత్తుకొస్తున్న రోజులవి. నిన్న జొన్న కోసిన చేనులో ఇవాళ హద్దురాళ్ళు లేచేవి. మా బాపు మాత్రం రోడ్డు పక్క చెలకలో రేకుల షెడ్డు వేసి మా ముగ్గురికి అప్పగించాడు. నగరంలో రేడియోల ఫ్యాక్టరీలో చేసి వచ్చిన పెద్దన్న, డిప్లొమా చదివిన చిన్నన్న, సోల్డరింగు చేసే చెల్లెలు, అంటే నేను, కలిసి రకరకాల యంత్రాలకు తగిన కరెంటు అందించే పెట్టెలు, అంటే పవర్ సప్లైలు, తయారు చేసేవాళ్ళం. అన్నలిద్దరూ కలిసి ఉన్నన్నాళ్ళే షెడ్డు, విడిపోయిన నాడు ప్లాట్లు, అన్నది బాపు మాట. ఆ మాట ప్లాట్ల ఏజెంటు చెవినీ పడింది కాబట్టి, అతను తరచూ వచ్చి చాయ్ తాగి పోయేవాడు.

అన్నలిద్దరూ ఉప్పూ నిప్పూ. పెద్దన్నది లీనియర్ పద్ధతి, అది ఎక్కువైన వోల్టేజీని వేడిగా వదిలేసి, నిలకడైన కరెంటు ఇస్తుంది, కానీ పెట్టె బరువు. చిన్నన్నది స్విచింగ్ పద్ధతి, అది కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతూ పొదుపుగా దించుతుంది, పెట్టె తేలిక, కానీ ఆ తెంపుల సందడి కరెంటుతో పాటే బయటికొస్తుంది. “నీ పెట్టె మీద రొట్టెలు కాల్సుకోవచ్చే అన్నా” అని ఒకరంటే, “నీ డబ్బ ఒర్రుతదిరా” అని ఇంకొకరు.

ఆ రోజుల్లోనే, జీపులో ఊళ్ళు తిరిగి వినికిడి పరీక్షలు చేసే ఒక డాక్టరమ్మ తన యంత్రానికి పవర్ సప్లై చేసిమ్మంది. పెద్దన్న చేసినది మోయలేమని, ముట్టుకుంటే కాలుతోందని తిరిగొచ్చింది. చిన్నన్న చేసినది పట్టుకుని నేనే ఆమె వెంట మహేశ్వరం అవతల ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ గొర్లు కాసే తాత ఒకాయన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నది మొదలు ఎత్తిన వేలు దించడే! ఇంకా శబ్దమే ఇవ్వలేదు కదా తాతా అని డాక్టరమ్మ అంటే, “ఇయ్యకపోతేంది బిడ్డా, ఈల ఇనవడ్తనే ఉన్నది” అన్నాడు. ఆ ఈల మా పెట్టెదేనని తెలిసి నాకు నవ్వొచ్చింది గానీ, ఆమె మర్యాదగానే, ఇంకొక్కసారి చూస్తాను, కుదరకపోతే వేరేచోట చేయించుకుంటానంది. చేతిలో ఉన్న పెద్ద పని అదొక్కటే. ఆ సాయంత్రం తప్పు నీదంటే నీదని అన్నలు మాటలు మానుకున్నారు, బాపు విసిగిపోయి ఏజెంటును వచ్చే వారం రమ్మన్నాడు.

గిర్నీలో పట్టించిన పిండిని ఇంట్లో జల్లెడ పట్టుకుంటాం కదా, చిన్నన్న స్విచింగ్‌తో వోల్టేజీని కావలసినదానికి కాస్త పైదాకా దించి, మిగిలినదాన్ని పెద్దన్న లీనియర్‌తో సరిచేద్దామని నేనన్నాను. ఇదేమీ నేను కనిపెట్టినది కాదు, ఇద్దరికీ తెలిసినదే, అవతలివాడి సరుకు తన పెట్టెలో పెట్టుకోవడానికే మనసొప్పలేదు. అందుకని నేనే కూర్చుని అతికించాను, వైర్లు కట్టే పని ఎప్పటిలాగే పెద్దన్న చేశాడు. వేడి తగ్గింది, బరువు తగ్గింది, ఈల మాత్రం సన్నబడిందే గానీ పోలేదు.

పెద్దన్న వైర్లన్నిటినీ మైనం దారంతో జడలా బిగించి కట్టేవాడు. ఫ్యాక్టరీలో నేర్చిన విద్య అది, మూత తీసి చూసినవాళ్ళు ఎవరి పనితనమో ఇట్టే గుర్తుపట్టేవారు. శుభ్రమైన కరెంటు వచ్చే వైరు, సందడి చేసే వైరు ఆ ఒక్క కట్టలోనే అతుక్కుని ఉన్నాయి, అందుకే పోగొట్టిన సందడి మళ్ళీ శుభ్రమైన వైరులోకే దూరుతోంది. చిన్నన్న దాన్ని పసిగట్టాడని అతని ముఖమే చెప్పింది. ఎంత కోపమున్నా అన్న కట్టిన కట్టు మీద చెయ్యి వేయలేదు. పెద్దన్న తమ్ముడి చూపు ఎక్కడుందో గమనించాడు, కత్తెర తీసుకుని ఆ దారం తనే తెంపాడు. వైర్లను చెరో మూలకు జరిపి, హెడ్‌ఫోన్లు తమ్ముడి చేతికిచ్చి, “ఇనురా, జర మంచిగ ఇను” అన్నాడు. చిన్నన్న కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. “ఏం లేదన్నా. సాఫ్ ఉన్నది” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ ఆ పెట్టె తీసుకుంది, ఇంకా కొన్ని చేయమంది. ఏజెంటుకు ఆ వారం కూడా చాయే దక్కింది.

షెడ్డు చాలా ఏళ్ళు నడిచింది. బాపు పోయాక, ధరలు ఆకాశాన్నంటాక, ఏ గొడవా లేకుండా, అన్నలిద్దరూ నవ్వుకుంటూనే అమ్ముకున్నారు. పెద్దన్న జల్‌పల్లిలో ఇల్లు కట్టుకున్నాడు, చిన్నన్న నగరానికి ఆ కొసన ఉంటాడు. ఇప్పుడు స్విచింగూ లీనియరూ రెండూ గోరంత చిప్పులో ఇమిడే వస్తున్నాయని కొంగరకలాన్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేసే మా మేనకోడలు చెప్పింది. మంచిదే, అలిగిన మనుషులను ఒక బల్ల దగ్గరికి చేర్చే తంటా తప్పింది. మా అన్నల మధ్య కూడా ఇప్పుడు తగాదా అన్నదే లేదు. తగాదా పడాలన్నా కలుసుకోవాలి కదా.