మడ్‌గార్డు కోయించిన ఫిజిక్సు

ఆ రోజుల్లో నాతో వాదించి గెలిచిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరూ లేరు. గొప్పకి చెప్పడం లేదు, ఫిర్యాదుగానే చెబుతున్నాను. అసలు వాదించేవాళ్లుంటే కదా గెలవడానికి. మా కోనసీమలో ఎదుటి మనిషి ముఖాన "మీరన్నది తప్పండి" అనడం కంటే ఆ తప్పు వల్ల వచ్చే నష్టం భరించడమే మర్యాద అనుకుంటారు. "ఆయ్" అంటారు, తలూపుతారు, మనం చెప్పినట్టే చేసేస్తారు. ఇరవై రెండేళ్ల వయసులో బీఎస్సీ ఫిజిక్సు ఫస్టు క్లాసులో పాసై, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న నాకు, ఆ "ఆయ్"లన్నీ నా తెలివికి పడుతున్న ఓట్లలా వినిపించేవి.

మా బాబాయికి ఒక పాత జీపు ఉండేది. తలుపులు లేనిది. (ఉండేవట, నాకు ఊహ తెలిసేసరికే ఊడిపోయాయి.) ఆయనకి వ్యవసాయం అచ్చిరాలేదు, ఆ జీపు మీదే ఇల్లు నడిచేది. ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువులున్న ఆసామి ఒకాయనకి, వానాకాలమంతా మేత బస్తాలనీ మనుషులనీ చెరువుగట్ల మీద తిప్పే బండి కావలసి వచ్చింది. క్రితం ఏడు బాబాయి జీపు ఆ గట్ల మీదే బురదలో దిగబడి, పని ఇంకెవరిదో ట్రాక్టరుకి పోయింది. ఈసారి అలా కాకూడదని బాబాయి రాజమండ్రి వెళ్లి, మట్టిని కరిచి పట్టుకునే పెద్ద టైర్లు వేయించుకొచ్చాడు. జీపు జానెడు ఎత్తు పెరిగింది. పిన్ని అందులోకి ఎక్కడానికి వంటింటి పీట తెచ్చుకోవలసి వచ్చింది. అంతా బాగానే ఉంది గానీ, బండిని బాగా మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర గర్రుమని చప్పుడు, ఆ వెనకే మాడిన రబ్బరు వాసన. ఆసామి గురువారం వచ్చి స్వయంగా ఎక్కి చూస్తానన్నాడు. ఆ చప్పుడు ఆయన చెవిన పడితే ఆ ఏడు కూడా పని పోయినట్టే. మేము కొత్తపేటలో బళ్లు బాగుచేసే మేస్త్రీగారి షెడ్డుకి బయల్దేరింది సోమవారం పొద్దున్న.

మేము అంటే బాబాయి, నేను. నన్నెవరూ పిలవలేదు. "టైరు ఒరుసుకోవడమంటే రాపిడి. రాపిడి మా సబ్జెక్టు బాబాయ్" అని ఎక్కి కూర్చున్నాను. బాబాయి "రామ్మా, చదువుకున్నదానివి" అన్నాడు. ఆయనకి పిల్లలు లేరు. నా డిగ్రీ సర్టిఫికెట్టుని ఊరంతా తిప్పి చూపించింది నాన్న కాదు, ఆయనే.

మేస్త్రీగారికి అప్పటికి నలభై దాటి ఉంటాయి. బక్కగా, నెమ్మదిగా, నూనె మరకల చొక్కాకి పై గుండీ కూడా పెట్టుకుని ఉండేవాడు. జీపుని ఒక చుట్టు చుట్టి, చక్రం పక్కన గొంతుకూర్చున్నాడు.

"చూడ్డానికేం లేదండి మేస్త్రీగారూ," అన్నాను నేను. "టైరు పెద్దదయింది, పైన సందు తగ్గింది. మడ్‌గార్డు అంచు తగులుతోంది. ఆ అంచు కోసెయ్యండి."

"ఆయ్. కోసేద్దామండి. ఒక్కసారి చక్రం లోపలేపు కూడా చూద్దామంటారా అమ్మాయిగారూ?"

"లోపలేముంటుందండి? పెరిగింది ఎత్తు కదా. లెక్క తేలిపోతుంటే వెతకడం దేనికి?"

"ఆయ్," అన్నాడాయన. బాబాయి వైపు చూశాడు. బాబాయి నా వైపు చూశాడు. ఇద్దరూ మర్యాదస్తులే. రేకు కోసే కత్తెర బయటికొచ్చింది.

రెండంగుళాలు కోశారు. తిప్పి చూస్తే గర్రుమంది. చాల్లేదన్నమాట, ఇంకో రెండంగుళాలు అన్నాను. "ఆయ్" అన్నాడు. మళ్లీ గర్రు. కుడివైపు కూడా అంతే కొయ్యాలన్నాను. (సమతౌల్యం ఉండాలట. ఆ మాట వాడినట్టు గుర్తు, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) మధ్యాహ్నానికి మా జీపు ముందు భాగం ఎలకలు కొట్టిన అప్పడంలా తయారైంది. చప్పుడు మాత్రం చెక్కుచెదరలేదు. "బహుశా టైర్లలోనే లోపం ఉండొచ్చు" అని తీర్పు చెప్పి ఇంటికి బయల్దేరదీశాను. దారిలో ప్రతి మలుపులోనూ గర్రు. బాబాయి ఒక్క మాట అనలేదు.

అనే మనిషి ఇంటి దగ్గర ఉంది. పిన్ని బండిని చూసి, కొంగు దోపుకుని, చుట్టూ తిరిగి, మిగిలిన రేకు అంచు మీద వేలు పెట్టి రాసింది.

"ఏమ్మా, టైరు దీనికే తగిలిందన్నావు కదా. తగిలితే రంగు లేవదూ? ఒక్క గీతన్నా ఏదీ?"

రెండో పూట భోజనం మానేశాను. అది వాదన కింద ఎవరూ లెక్కెయ్యలేదు.

మంగళవారం పొద్దున్నే మళ్లీ షెడ్డుకి వెళ్లాం. ఈసారి నేను వెనక సీట్లో కూర్చున్నాను. "లోపలేపు చూడండి మేస్త్రీగారూ" అన్నాడు బాబాయి. మేస్త్రీగారు కిళ్లీ కొట్లోంచి కాస్త తడి సున్నం తెప్పించి, చక్రం లోపల, బండి బరువు మోసే ఇనప పట్టీలకి పట్టించాడు. స్టీరింగు పూర్తిగా ఎడమకి తిప్పమన్నాడు. గర్రుమంది. చక్రం తిన్నగా తిప్పి చూస్తే, నల్లటి టైరు లోపలి చెంప మీద తెల్లటి సున్నం గీత. టైరు ఎత్తే కాదు, వెడల్పూ పెరిగింది. పూర్తిగా తిరిగినప్పుడు వెళ్లి ఆ పట్టీల్ని గీరుతోంది. స్టీరింగు ఒక హద్దు దాటి తిరక్కుండా ఆపే బోల్టు ఒకటుంటుంది. మేస్త్రీగారు దాని కింద రెండు వాషర్లు వేసి బిగించి, ఆ హద్దు కాస్త తగ్గించాడు. రెండో వైపూ అంతే. చప్పుడు పోయింది. మొత్తం పని పావుగంట.

"మీకిది నిన్ననే తెలుసా?" అని అడిగాను.

"ఆయ్."

"మరి చెప్పలేదేం?"

"చెప్పేనండి. లోపలేపు చూద్దామా అని అడిగేను కదండి." అందులో ఎత్తిపొడుపు లేదు. నేనెంత వెతికినా దొరకలేదు. "ఇంకోటండి బాబుగారూ, చక్రం ఇదివరకంత తిరగదిక. ఇరుకు మలుపులో ఓసారి వెనక్కెళ్లి రావాలండి."

గురువారం ఆసామి తెల్ల లాల్చీ వేసుకుని వచ్చి బాబాయి పక్కన కూర్చున్నాడు. నేను వెనక. ముందు రాత్రి వాన కురిసి గట్లు మెత్తగా ఉన్నాయి. పెద్ద టైర్లు బురదని పట్టుకుని జీపుని ఎద్దులా లాక్కెళ్లాయి. గర్రు లేదు. మలుపు దగ్గర బాబాయి ఒకసారి వెనక్కి తీసి, మళ్లీ ముందుకి పోనిచ్చాడు. బండి ఆగలేదు. అప్పుడే చక్రం విసిరిన బురద, మామూలుగా మడ్‌గార్డు ఆపవలసిన బురద, నేను కోయించిన చోటు గుండా లేచి ఆసామి లాల్చీ మీదా కళ్లజోడు మీదా పడింది.

ఆసామి కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని, కోసిన రేకు వైపు చూశాడు. "ఇదేంటండీ, ఇలా చేయించేరు?"

బాబాయి నావైపు వేలు చూపిస్తాడనుకున్నాను. చూపించవలసిన వేలే అది. ఆయన మాత్రం దారి మీంచి చూపు తిప్పకుండా, "నేనే తొందరపడి కోయించేనండి. రేపటికల్లా బాగుచేయిస్తాను" అన్నాడు.

ఆసామి కాసేపు ఆలోచించాడు. ఆ కాసేపట్లో మా పిన్ని కట్టబోయే చీరలూ, బాబాయి మందులూ, ఆ ఇంటి వానాకాలమంతా నాకు కనిపించాయి. "బండి దిగబడలేదు, ఆగలేదు. అది చాలండి. రేకు మటుకు వేయించండి, మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు చివరికి. పాత టైరు రబ్బరు కోసి ఆ అంచులకి తాపడం చేశాడు మేస్త్రీగారు. ఆ నల్లటి రబ్బరు మీసాలతోనే జీపు ఇంకో పదేళ్లు తిరిగింది.

బాబాయి పోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నేనూ రెండు మాటలని మరిచిపోయేదాన్ని. ఇప్పుడు పాఠాలు చెప్పి పాతికేళ్లు కావస్తోంది. క్లాసులో పిల్లలు "ఆయ్ మేడమ్" అని ముక్తకంఠంతో అంటే సంతోషం బదులు అనుమానం వస్తుంది. చివరి బెంచీలో ఎవరైనా మెల్లగా ఏదో అడగబోయి మానుకున్నట్టు కనిపిస్తే, అక్కడే ఆగిపోతాను. ఆ అలవాటు నాకు బీఈడీ నేర్పలేదు.

మొన్నామధ్య నా కారు మలుపులో చప్పుడు చేస్తుంటే కొత్తపేట షెడ్డుకే తీసుకెళ్లాను. మేస్త్రీగారు ముసలివాడయ్యాడు, పై గుండీ మాత్రం అలాగే ఉంది. "ఏంటండి అమ్మాయిగారూ" అన్నాడు. (యాభైకి దగ్గరపడుతున్న నన్ను ఆ మాటతో పిలిచే మనుషులు ఇక ఇద్దరో ముగ్గురో.) "నాకేం తెలియదండి, మీరే చూడండి" అన్నాను. ఆయన గొంతుకూర్చుని చూడబోతుంటే, ఉండబట్టలేక, "అయినా ఎడమ పక్క రేకే తగులుతోందని నా అనుమానం" అని కూడా అనేశాను.

"ఆయ్. అయ్యుండొచ్చండి," అంటూ ఆయన చక్రం లోపలి వైపుకి వంగాడు.

ఈసారి నేను కూడా, మోకాళ్లు పట్టేసినా, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, ఆయన పక్కనే వంగాను.