తుడిచేసిన మనిషి

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడూ నమ్ముతానని చెప్పను. మా ఖాజాగూడలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనేవాళ్లు. నేను పోయి మాత్రలు తెచ్చిచ్చేదాన్ని.

ఇది డెబ్భైల మొదట్లో, నా బి.ఏ. ఫలితాలు పేపర్లో పడిన రోజు జరిగింది. పాసయ్యాను! మా ఇంట్లో అంతకుముందు సంతకం పెట్టడం వచ్చినవాళ్లే లేరు. మా నాయన గుట్ట మీద బండలు కొట్టేవాడు. ఒక మోకాలు పాడై మడత పడకపోయినా, నా చదువు ఆగకూడదని పని మానలేదు. ఈ మాట ముందు ఆయనకే చెప్పాలి. బస్సు దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని గుట్ట వైపు పరుగెత్తాను.

దారిలోనే శేషగిరి గారి గది. బందరు నుంచి వచ్చి మా ఊళ్లో కిరాయికుంటూ బొమ్మలు వేసేవారు. అద్దం మీద నల్లరంగుతో సముద్రం గీసి, తడిపిన కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్ది అచ్చు తీసేవారు. మంచి అచ్చు ఒక్కటే వస్తుంది. రెండోది మిగిలిన రంగుతో వెలిసినట్టుంటుంది. ఆపైన అద్దం తుడిచేయడమే. నేను పాసైతే మా నాయనకొక సముద్రం ఇస్తానన్నారు. నాయన సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. చూడాలని మహా పిచ్చి.

"సార్, పాసైన!" గుమ్మంలోంచే అరిచాను.

"అలాగా! రా అమ్మాయ్, మీ నాన్న సముద్రం తడి మీదే ఉంది."

అద్దం మీద అలలు, ఒడ్డు, అంతే. మనిషన్నవాడు లేడు. నా కళ్లతో చూశాను.

కాగితం లేపితే ఒడ్డున ఒకడు కూర్చుని ఉన్నాడు. వీపు మా వైపు. తలకు రుమాలు. ఒక కాలు చాపి ఉంది.

"అరె, అచ్చం మా నాయన లెక్కనే కూసున్నడు సార్!" పకపకా నవ్వాను.

ఆయన నవ్వలేదు. అద్దం మీద మిగిలిన రంగులోనూ ఆ మనిషి ఉన్నాడు. "నా సముద్రంలో మీ నాన్నకేం పనమ్మా? మరక పడుంటుంది," అంటూ కిరసనాయిలు గుడ్డతో ఆ చోటు తుడిచేశారు. మొదటి అచ్చు చించేశారు. ఇంకో కాగితం వేసి రుద్దారు. ఈసారి ఖాళీ ఒడ్డు. దాన్ని చుట్టి నా చేతిలో పెట్టారు.

గుట్ట కింద జనం మూగి ఉన్నారు. నాయనతో పనిచేసే యాదయ్య నన్ను చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"బండ పేల్చే తూటా ముట్టిచ్చినం, లేవమని మస్తు మొత్తుకున్నం బిడ్డా. కాలు సాపుకొని గట్లనే కూసున్నడు. 'ఆగుండ్రి, నీళ్ల సప్పుడు ఇనబడ్తలేదా?' అన్నడు. గీ బండల మీద నీళ్లేడియి?"

ఎగిరొచ్చిన రాయి తలకు తగిలింది. మొహం మిగల్లేదు. రుమాలు కప్పారు. చెవి ఉండాల్సిన చోట వంగి, "నాయనా, పాసైన," అని చెప్పాను.

శేషగిరి గారు మనిషిని గీయలేదని ఒట్టేశారు. ఒట్టెందుకు, నేనూ చూశాను కదా. కొన్నాళ్లకే గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇంత చదివీ, తూటాకూ గుడ్డకూ ఏం సంబంధమని నన్ను నేనే అడుగుతుంటాను.

అచ్చు నా దగ్గరే ఉంది. అలలు దాదాపు వెలిసిపోయాయి. గుడ్డ తిరిగిన చోటు మాత్రం తెల్లగా, ఒక మనిషి కూర్చునేంత, అలాగే ఉంది.