కొబ్బరికాయ కొట్టి ఏరు దాటించిన కోతులు

కోతి కనబడితే దేవుడని చెంపలు వేసుకునే మీరు, అదే కోతి మీ బాల్కనీలో అరటిపండు ఎత్తుకుపోతే దాన్ని బోనులో ఎందుకు పెట్టిస్తున్నారు?

వేళాకోళానికి అడగడం లేదు. రాజమండ్రిలో మేముంటున్న అపార్ట్‌మెంటు గేటు పక్కకి మొన్న ఒక ఇనప బోను వచ్చింది. ఎరగా వేసిన అరటిపళ్ళు మగ్గి కుళ్ళి, ఆ వాసన తుప్పు వాసనతో కలిసి మెట్ల మీద దాకా కొడుతోంది. బోనుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. "స్వామికి అపచారం జరక్కూడదు కదా మేడమ్, అందుకని ముందు పూజ చేయించామండి," అన్నారు మా సంఘం కార్యదర్శి గారు. కుళ్ళిన పండూ బంతిపువ్వూ కలిసిన ఆ వాసన నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో ఒక ఏడు మా ఊరి రామాలయం ఎదుట అదే వాసన.

మండపేటకి కాస్త ఎడంగా, వరిచేల మధ్య కాలవ గట్టు మీద ఉండేది మా ఊరు. ఎండాకాలం వస్తే మా డాబా మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒక చాప నిండా మామిడి ఒరుగులు, ఇంకో చాప నిండా గుమ్మడి వడియాలు, నానమ్మ పాత చీర మీద ఉప్పూ మజ్జిగా పీల్చుకుని తెల్లబడుతున్న మిరపకాయలు, వాటి మధ్య కర్ర పక్కన పెట్టుకుని గచ్చకాయలాడుకుంటూ కాకుల్ని అదిలించే మేమూ. తొలకరి పడితే మా కాపురమంతా కాలవ గట్టున నేరేడు చెట్ల కిందే. పైన కొమ్మల్లో కోతులు, కింద మేము. అవి తినగా రాలినవి మాకు, మేము ఏరుకోగా మిగిలినవి చీమలకి. నాలుకలు ఊదారంగుకి తిరిగి, గౌన్లు మరకలై ఇంటికొస్తే అమ్మ చేత తిట్లు తినేవాళ్ళం గాని, కోతుల వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఒక ఏడు గట్టు వెడల్పు చేస్తామని ఆ చెట్లు కొట్టేశారు. ఆ ఏడే కోతులు ఇళ్ళ మీద పడ్డాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని ఊళ్ళో ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. గుళ్ళో ఏదో లోపం జరిగిందని మాత్రం అందరికీ తోచింది. పెంకులు జారాయి, కొబ్బరి పిందెలు రాలాయి, వడియాల చాపలు గాలికెగిరాయి. చివరికి అట్లతద్దె నాడు, తెల్లవారకుండానే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, పొద్దంతా ఉయ్యాలలూగి సాయంత్రం పూజకి కూర్చుంటే, గౌరమ్మ ముందు పెట్టిన అట్ల దొంతర దొంతరగానే కిటికీలోంచి వెళ్ళిపోయింది. "ఇంకేం నోమే నా మొహం! మీ తాతని పిలవ్వే పిల్లా!" అని నానమ్మ కేక వేసింది.

తాతయ్య మాటంటే ఊళ్ళో నలుగురికీ గురి. చుట్ట వెలిగించుకుని కూర్చుంటే అది ఆరేలోగా తగువు తీరిపోయేది. ఆయనే ఎక్కడినుంచో కోతులు పట్టేవాణ్ణి రప్పించాడు. రామాలయం ఎదుట బోను పెట్టించి, దానికి దండ వేయించి, తన చేత్తో కొబ్బరికాయ కొట్టి, చెంపలు వేసుకుని, తాడు లాగమన్నాడు. తలుపు దభాలున పడింది. లోపల చిక్కిన గుంపులో ఒక తల్లి పిల్లని పొట్టకి కరుచుకుని ఊచల వెంట గిరగిరా తిరిగింది. తప్పించుకున్న ముసలి కోతి ఒకటి బోను పైకెక్కి కూర్చుని, బోనుని ఎక్కించిన బండి కదిలేదాకా దిగలేదు. దాని కాళ్ళ దగ్గర కూడా ఎవరో పువ్వులు పెట్టారు!

మా వైపు ఒక పట్టింపు ఉండేది. పట్టిన కోతుల్ని ఎక్కడ వదిలారో ఆ చోటు పేరు పలకకూడదు. పలికితే అవి విని, దారి తెలుసుకుని తిరిగొస్తాయట. "ఎక్కడికి తాతయ్యా?" అని నేనడిగితే ఆయన నా నోరు నొక్కేశాడు. "పేరెత్తకే తల్లీ. అవతలికి, అంతే." బండి రేవుకి పోయింది, పడవ ఏరు దాటింది. ఊరంతా హాయిగా నిద్రపోయింది.

కార్తీకంలో మా మేనత్త దిగింది. తాతయ్య పెద్ద కూతురామె. గోదావరి నడుమ ఒక లంకలో కాపురం. కౌలు నేలలో అరటితోట వేసుకుంది, ఆ ఏడు గెలలు సరిగా దిగకపోతే నేల ఇంకొకరి చేతికి పోతుంది. వస్తూనే ఒక గోనెసంచి తెచ్చి తాతయ్య ఎదుట బోర్లించింది. సగం కొరికిన పచ్చి అరటికాయలు, చీల్చిన పువ్వులు.

"ఏంటమ్మాయ్, చెప్పా పెట్టకుండా?"

"మా ఇంటికి చుట్టాలొచ్చారు నాన్నా. పుట్టింటివాళ్ళే."

"ఎవరే?"

"నువ్వు పంపినవాళ్ళే. కొబ్బరికాయ కొట్టి మరీ పంపావని పడవవాడు చెప్పాడు. కూతురికి సారె పంపే తండ్రుల్ని చూశాను గాని, కోతుల్ని పంపిన తండ్రివి నువ్వొక్కడివే!"

నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"నాకేం తెలుసమ్మా, అవతల వదులుతానన్నాడు వాడు."

"అవతలంటే మనుషులుండరా నాన్నా?"

తాతయ్య మర్నాడే ఆమెతో బయల్దేరి, పండగలూ పబ్బాలూ మానుకుని, ఆ చలికాలమంతా లంకలో మంచె మీద కూర్చుని రేకు డబ్బా వాయించాడు. "గట్టిగా కొట్టు నాన్నా, నీ దేవుళ్ళకి వినపడాలి!" అని అత్త కింద నుంచి ఎగతాళి చేసేదట. సగం గెలలు దక్కాయి. కౌలు దక్కలేదు.

తిరిగొచ్చాక తాతయ్య రామాలయం అరుగు మీద నిలబడి ఆ లంక పేరు గట్టిగా చెప్పాడు. పెద్దలు చెవులు మూసుకున్నారు. ఒక్క కోతీ తిరిగి రాలేదు. ఎలా వస్తుంది, మధ్యన గోదావరి ఉంది! వాటికి వినపడుతుందని కాదు, మనకి వినపడుతుందనే ఆ పేరు దాచారని నాకు ఆ రోజే అర్థమైంది. మరుసటి శ్రావణంలో వరదొచ్చి లంక మునిగింది. కొన్ని కోతులు ఒక చెట్టు చివర వేలాడుతూ అరుస్తుంటే, తన తోట తిన్నవని తెలిసీ, అత్త పడవలోంచి అటుకులూ బెల్లమూ విసిరిందట. నీళ్ళు తీశాక వాటి జాడ లేదు. "దండం పెట్టినవాళ్ళెవరూ అక్కడ లేరమ్మా," అంది నాతో.

ఇప్పుడు ఆ గట్టు మీద నేరేడు చెట్టు ఒక్కటీ లేదు, సిమెంటు గోడ ఉంది. డాబాల మీద చాపలు లేవు. వడియాలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మేనత్త లేదు, ఆమెలా ఎదురుగా వచ్చి అడిగే గొంతూ లేదు. కోతులున్నాయి, బోను ఉంది.

కోతి కాటు చిన్న విషయమని నేననను. మా కింది వాటాలో పసివాడు సూదులు వేయించుకున్నాడు. కాని మంగళవారం పళ్ళు పెట్టి వాటికి వాకిలి అలవాటు చేసిందీ మనమే, బుధవారం బోను పెట్టిందీ మనమే. చెత్తడబ్బాకి మూత పెట్టడం, కిటికీకి వల కట్టడం, పళ్ళు వేయడం మానడం మన చేతిలో పనులు. పట్టక తప్పకపోతే దానికీ పద్ధతుంది. మన వాకిట్లోది ఏ జాతి కోతో, దాన్ని పట్టడానికి వన్యప్రాణి చట్టం ఏమంటుందో చెప్పాల్సింది అటవీ శాఖ, సంఘం కార్యదర్శి కాదు. ఏ జాతిదైనా, తిండీ నీళ్ళూ లేకుండా ఇరుకు బోనులో కుక్కి లారీ ఎక్కించడానికి జంతుహింస నివారణ చట్టం ఒప్పుకోదు. పూజ చేశామన్నది ఏ కోర్టులోనూ సమాధానం కాదు. చట్టం ఒప్పుకున్నా మీ కష్టాన్ని ఇంకొకరి పొలంలో దింపి రావడం న్యాయమైపోదు.

మీ వీధిలోనూ రేపో మాపో బోను పెట్టిద్దామని సమావేశం జరుగుతుంది. వెళ్ళండి. అనుమతి కాగితం చూపించమనండి. వదిలే చోటు పేరు నలుగురి ముందూ చెప్పించండి. తర్వాత మీరే అక్కడికి వెళ్ళి, ఆ నేలలో పంట వేసుకున్న మనిషి ఎదుట నిలబడి, "మా కోతుల్ని మీ తోటలో వదులుతామండి, సరేనా?" అని అడగండి. అలా అడగడానికి మీకు నోరు రాకపోతే, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చి బోను తలుపు తెరవండి.